నేను, డాక్టరు గారి బల్ల మీది బీపీ మిషన్ని

రాజోలు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, డాక్టరు గారి బల్ల మీద, ఓపీ రిజిస్టరు పక్కన నా చోటు. మూత ఎత్తితే నిలబడే గాజుగొట్టం, అడుగున పాదరసం, రెండు రబ్బరు గొట్టాలు, చేతికి చుట్టే పట్టీ, గాలి కొట్టే బల్బు. ఇంతే నా ఒళ్లు. మా వంశం 1896లో ఇటలీలోని టూరిన్‌లో రివా-రోచి అనే వైద్యుడి చేతిలో మొదలైంది. అప్పట్లో నాడి పట్టుకుని పై అంకె మాత్రమే చెప్పేవారు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి విన్నాడు. కింది అంకె కూడా దొరికింది. ఈనాటికీ హౌస్ సర్జన్లు నా దగ్గర నేర్చుకునేది ఆ వినడమే. నీళ్లు పోసి నన్ను తయారుచేసి ఉంటే నాలుగు మీటర్ల గొట్టం కావలసి వచ్చేది. పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు కనుక 300 మిల్లీమీటర్లలో ఇమిడిపోయాను.

ఓపీ తొమ్మిదింటికి. ఎనిమిదికే వరండాలో సంచులు, చెప్పులు వరసలో ఉంటాయి, వాటి మనుషులు చెట్టు నీడన ఉంటారు. ఇక్కడ అపాయింట్‌మెంట్ అంటే చీటీ మీద నంబరు. ఆ నంబరు ఏ గంటకు వస్తుందో రాసినవాళ్లకీ తెలియదు. అమలాపురంలో ప్రైవేటు డాక్టరు దగ్గరైతే ముందురోజే ఫోను చేసి పేరు రాయించుకోవచ్చు. అక్కడా చివరికి చేతిలో మిగిలేది టోకెనే. మధ్యాహ్నం బస్సు తప్పిపోతే ఆటోకి డబ్బులు పెట్టాలి, కూలి పోతుంది. అందుకే అందరూ ముందే వస్తారు, అందరూ తొందరలో ఉంటారు.

ఆ తొందర నా అంకెల్లోకి ఎక్కుతుంది. ఎండలో నడిచొచ్చిన మనిషి స్టూలు మీద కూర్చోగానే పట్టీ బిగిస్తే, నేను చూపించేది అతని బీపీ కాదు, అతని నడక, అతని ఆదుర్దా. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అంతకుముందు అరగంట టీ, చుట్ట ముట్టకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు, మాట్లాడకూడదు. ఆ ఐదు నిమిషాలు ఇస్తే వెనక వరస కదలదు.

రిజిస్టరు తిరగేస్తే రద్దీ రోజు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పేజీ నిండా 120/80, 130/80, 140/90. మనుషులందరి రక్తం సున్నా దగ్గరే ఆగుతుందా? ఇంకోచోట 135 అని ఉంటుంది. నా గొట్టం మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి. 134 ఉంది, 136 ఉంది, 135 లేదు. నా మీద చూసి ఆ అంకె రాయడం ఎవరివల్లా కాదు. ఇది ఒకరి తప్పు అనను. గంటల్లేని వరస ఎక్కడ ఉన్నా జరిగేది ఇదే.

నన్ను నన్నుగా చదివినవాళ్లలో ఎక్కువమంది నేర్చుకునే డాక్టర్లే. అమలాపురంలో కిమ్స్ మెడికల్ కాలేజీ ఉంది గనుక కోనసీమలో హౌస్ సర్జన్లు కొత్త కాదు. ఎంబీబీఎస్ చదువు అయ్యాక ఏడాది పని నేర్చుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం అందులో 12 వారాలు సామాజిక వైద్యానికి. అలా ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. అదేవారం కొబ్బరి దింపు తీసే ఒక పెద్దాయన వచ్చాడు.

“పెద్ద డాక్టరు గారే చూడాలండి. నేర్చుకునేవాళ్లకి నా చెయ్యెందుకండి?” అన్నాడు.

“వారే చూస్తారు బాబాయ్ గారూ. ఈలోపు మీరు కాసేపు ఇక్కడ కూర్చోండి” అంది ఆ అమ్మాయి.

కూర్చోబెట్టింది. ముందు నాడి పట్టుకుని గాలి కొట్టింది. నాడి ఆగిన చోటు గుర్తుపెట్టుకుని గాలి తీసేసింది. మళ్లీ పట్టీ బిగించి దానికి ముప్ఫై పైకి ఎక్కించి, పాదరసాన్ని సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్లు దిగేలా వదిలింది. రెండు చేతులకూ చూసింది, నిలబెట్టి మరోసారి చూసింది. అంకె ఎక్కువే. “పొద్దున మాత్ర వేసుకున్నారా?” అని అడిగింది. “ఆయ్, లేదండి. రక్తం తీస్తారని పరగడుపున వచ్చానండి” అన్నాడు. రక్తపరీక్షకు తిండి మానాలంటే బీపీ మాత్ర కూడా మానాలనుకున్నాడు. పెద్ద డాక్టరు వచ్చి, మళ్లీ తానే కొలిచి, మందు మోతాదు పెంచలేదు. ఆ ప్రశ్న పడకపోతే పెంచేవారు. చెట్టెక్కే మనిషికి బీపీ పడిపోయి కళ్లు తిరిగితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకు చెప్పనక్కరలేదు. హౌస్ సర్జన్ నెమ్మదిగా చూస్తాడని విసుక్కుంటారు. ఆ నెమ్మదే రోగికి దక్కిన సమయం. పైగా సొంతంగా వదిలెయ్యరు, పక్కన అనుభవం ఉన్న డాక్టరు ఉంటారు.

వరసకు విరుగుడు కోనసీమ లంకల్లో చూశాను. అది గంట కాదు, తేదీ. 2008-09 నాటికే 104 వైద్య బండి నెలకోసారి, ఊరికి ఒక తేదీ చొప్పున తిరిగేది. తరువాత ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2022 అక్టోబరు 21న ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభించారు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఇక్కడ ఓపీ చూస్తుంటే రెండోవారు బండిలో ఊళ్లకు. నెలకు రెండుసార్లు అదే డాక్టరు అదే ఊరికి వెళ్లాలన్నది అప్పటి లెక్క. పొద్దున ఓపీ, మధ్యాహ్నం మంచాన పడ్డవారి ఇళ్లకు. నన్ను ఒరగబెట్టి, పాదరసం అరలోకి దిగాక బిరడా తిప్పి బండి ఎక్కించేవారు. ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్త “రేపు మన తేదీ” అని గడప గడపకూ చెప్పేది. మంచం పక్కన బీపీ చూసినప్పుడు నా గొట్టంలో పాదరసం తాపీగా దిగేది. ఆ ఇంట్లో ఎవరికీ బస్సు తొందర లేదు మరి.

తేదీ తప్పితే మాత్రం నష్టం పెద్దది. వచ్చే తేదీ వరకే సరిపడా మాత్రలు ఇచ్చాక, బండి వారం ఆలస్యమైతే వారం మందు లేదు. డాక్టరు మీటింగుకో, బదిలీ మీదో, పీజీ చదువుకో వెళ్తే ఇంకొకరు రావాలి. హౌస్ సర్జన్ ఎలాగూ వారాల్లో వెళ్లిపోతాడు. అందుకే రోగి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయడం డాక్టరు మొహం గుర్తుండటమంత ముఖ్యం.

నా రోజులు అయిపోవచ్చాయి. జపాన్‌లో మినమాటా తీరాన పాదరసం కలిసిన చేపలు తిని జనం నరాలు దెబ్బతిన్నాయి. ఆ ఊరి పేరుతోనే 2013లో ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ ఆమోదించింది. నాలాంటివాటి తయారీని, ఎగుమతి దిగుమతులను ఆపడం అందులో భాగం. చేపలు తినే కోనసీమకు అది మేలే. నేను పగిలితే నా పాదరసం కాలవలోకి పోకూడదు.

నా తరువాత డిజిటల్ మిషను వచ్చినా, ఆ ఐదు నిమిషాలు దానికీ కావాలి. కాబట్టి మీ ఊరి తేదీ తెలుసుకోండి, ఆ రోజు మాత్ర వేసుకునే రండి, నేర్చుకునే డాక్టరు అడిగితే చెయ్యి చాపండి. వచ్చిన అంకెను వచ్చినట్టే మీ పుస్తకంలో రాయించుకోండి.