ఏనుగు ఎవరి సంచిలో?

వీపున సంచి వేసుకుని కొండల్లో నడవడం గురించి పుస్తకాలు రాసేవాళ్లందరూ పిల్లల్లేనివాళ్లని నా గట్టి అనుమానం. పళ్లు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేయమంటారు, నాలుగు గ్రాములు తగ్గుతుందట. చొక్కా కాలరు వెనక లేబుల్ కత్తిరించేయమంటారు. ఆ కోసిన బ్రష్షు చూసి "నాది విరగ్గొట్టేశారు" అని అరగంట ఏడ్చే ఆరేళ్లవాడి గురించి ఏ అధ్యాయంలోనూ ఉండదు.

వాళ్లకి బేస్ వెయిట్ అని ఒక లెక్కుంది. తిండి, నీళ్లు, గ్యాసు మినహాయించి సంచిలో మిగిలిన సామాను బరువు. అది 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు దాటకపోతే మీరు అల్ట్రాలైట్ మతంలో చేరినట్టు. బంగారం కాకుండా పెళ్లి ఖర్చెంతయిందో చెప్పుకోవడం లాంటిదిది. అంకెలో అబద్ధం లేదు, నడుముకి మాత్రం మొత్తం తెలుస్తుంది.

ఈ మతానికో దేవత కూడా ఉంది. ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, 67 ఏళ్ల వయసులో, రెండు వేల పైచిలుకు మైళ్ల అపలాచియన్ ట్రయల్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒంటరిగా నడిచేసింది. కాళ్లకి కెడ్స్ బూట్లు, భుజాన డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచి, టెంటు బదులు స్నానాల గదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర. చూశారా, ఎంత తక్కువతో గడుస్తుందో అని ఈ కథ చెబుతారు. ఆవిడ 11 మంది పిల్లల తల్లి అని కూడా చెబుతారు, మనం ఆశ్చర్యపోవాలని. నాకేం ఆశ్చర్యం కలగలేదు. పదకొండుగురిలో ఒక్కర్ని కూడా వెంట తీసుకెళ్లలేదు కదా. అలా నడిచొస్తానని మాత్రం చెప్పి బయల్దేరిందట. సంచి తేలిగ్గా ఉండడంలో డెనిమ్ గుడ్డ గొప్పతనం ఏమీ లేదు.

కిందటి వేసవిలో మా జట్టులో నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. నడవకుండా సలహాలిచ్చే సభ్యురాలు మా అమ్మ. అప్పటికి తెనాలి నుంచి ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చి ఉంది. వెళ్లాలనుకున్నది యోసెమిటీ పార్కులో లయెల్ కాన్యన్. టువాలమీ మెడోస్ దగ్గర బయల్దేరి కనీసం నాలుగు మైళ్లు లోపలికి నడిస్తేగాని అక్కడ టెంటు వేసుకోనివ్వరు. దారి దాదాపు చదును. పక్కనే ఏరు. ఆ ఏటి కోసమే ఆ చోటు ఎంచుకున్నాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఏ కంపెనీ ఎంత టైటానియం కలిపినా దాన్ని తగ్గించలేదు. దారి పొడుగునా నీరుంటే తలా అరలీటరు సీసా, గుప్పెట్లో పట్టే ఫిల్టరు ఒకటి చాలు. నలుగురి వీపుల మీంచి మూడు నాలుగు కిలోలు దిగిపోతాయి. సామాన్ల షాపుకెళ్లే ముందు మ్యాపు చూడమని నేను అందరికీ చెబుతాను. మ్యాపు కొన్నామని ఎవరూ గొప్పలు చెప్పుకోలేరు కాబట్టి ఎవరూ వినరు.

పెద్దవాళ్లు తమ బరువులో ఐదో వంతు, పిల్లలు పదిశాతం, మహా అయితే పదిహేను మోయొచ్చని ఒక లెక్క. అమ్మాయి 28 కిలోలు. మూడు కిలోలు ఇవ్వొచ్చు. అబ్బాయి 20. రెండు. వంటింటి కాటా హాల్లోకొచ్చింది. ఖాళీ సంచే అరకిలో పైన ఉంది. నీళ్ల సీసా అరకిలో. చలికోటు పావుకిలో పైనే. ఒక ఈల. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలి, ఆపదలో ఉన్నామని దానర్థం. ఆ సాయంత్రం మావాడు మూడేసిసార్లు చొప్పున వీధంతా ఆపదలో పడ్డాడు. మిగిలిన చోట్లో వాడి స్లీపింగ్ బ్యాగు పట్టదు. చిన్న టార్చి, మార్చుకునే సాక్సు పెడదామనుకున్నాం. అప్పుడు లోపలి గదిలోంచి ఏనుగొచ్చింది.

నీలం రంగు గుడ్డ ఏనుగు. 340 గ్రాములు. దాని బదులు దాని ఫొటో తీసుకెళ్దామని మా ఆవిడ సూచించింది. "మరి నీ బదులు నీ ఫొటో వస్తుందా అమ్మా?" అన్నాడు వాడు. ఏనుగు జాబితాకెక్కింది.

టెంటు సంగతి తొందరగా తేలింది. కారు పక్కన వేసుకునే పెద్ద టెంటు ఇంట్లో ఒకటుంది. లోపల నిలబడి చొక్కా మార్చుకోవచ్చుగాని ఎనిమిది కిలోలు. మోసుకెళ్లేందుకు వేరే నలుగురి టెంటు, మూడు కిలోల్లోపుది, అద్దెకి తీసుకున్నాం. కడ్డీలు నా సంచిలో, గుడ్డ ఆవిడ సంచిలో. దారిలో మాటామాటా వచ్చినా సాయంత్రానికి రాజీపడక తప్పని ఏర్పాటు. పిల్లల సామాను అద్దెకో, అరువుకో తెచ్చుకోవడమే నయం. ఈ వేసవిలో సరిపోయిన బూట్లు వచ్చే వేసవికి ఎవరికి సరిపోతాయో చెప్పలేం.

స్లీపింగ్ బ్యాగు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. బాతు ఈకలతో కుట్టినవి తేలిక, వెచ్చన, ఖరీదు. తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. వాన రాకపోతే ఫర్వాలేదని షాపులో కుర్రాడు ధైర్యం చెప్పాడు. పాపం పెళ్లికానివాడు. మావాడి విషయంలో తడవడానికి వాన రానవసరం లేదు. వాడికి సింథటిక్ దూది బ్యాగు తీసుకున్నాం. అరకిలో ఎక్కువైనా, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, తొందరగా ఆరుతుంది. కిందకి మడతపెట్టే ఫోమ్ పరుపులు. వాటికి చిల్లులు పడవు. పిల్లల పొడవుకి సరిపడా కోసుకోవచ్చు కూడా. బ్రష్షు కోయడం కంటే ఇది ఎంతో లాభం. పైగా ఎవరూ ఏడవరు.

యోసెమిటీ అడవిలో రాత్రి ఉండాలంటే తిండి మొత్తం ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టుకోవాలి. నియమం అది. చెట్టుకి వేలాడదీస్తామంటే కుదరదు, ఆ విద్య అక్కడి ఎలుగుబంట్లు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. మాకిచ్చింది నల్లటి ప్లాస్టిక్ డబ్బా, ఖాళీదే కిలో పైన ఉంది. మూత బిళ్లలు నాణెంతో తిప్పితే తెరుచుకుంటాయి. ఎలుగుబంటికి జేబుల్లేవు కాబట్టి చిల్లర ఉండదన్నది దాని వెనకున్న సైన్సు. తిండే కాదు, వాసనొచ్చేదేదైనా అందులోకే పోవాలి. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, చెత్త.

"ఆవకాయ కూడానా?" అంది అమ్మ.

"ముందు అదేనమ్మా. వాసనకి ఎలుగుబంటి వచ్చేస్తుంది."

"వాసన పట్టుకుని గుమ్మంలోకొచ్చినవాళ్లకి ఓ ముద్ద పెట్టి పంపాలిగాని, డబ్బాలో దాచుకుంటారట్రా? ఎవరు పెట్టార్రా ఈ రూలు?"

ఫెడరల్ ప్రభుత్వం అన్నాను. ఆ ప్రభుత్వం మీద అమ్మకున్న అభిప్రాయం వీసా ఇంటర్వ్యూ నాటి నుంచీ ఒక్కటే, ఇప్పుడు ఇంకొంచెం బలపడింది.

తర్వాత కుక్కరు. మూడు లీటర్లది, కిలోన్నర. కొండ మీద పప్పు ఉడకదు, కుక్కరు పట్టుకెళ్లరా అంది. ఇక్కడ ఒక చిక్కుంది. అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టువాలమీ మెడోస్ సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ వేడికి కందిపప్పు మెత్తబడేలోపు గ్యాసు డబ్బా అయిపోతుంది. హిమాలయాల్లో ట్రెక్కింగ్ వంటవాళ్లు కుక్కరు మోసుకెళ్లేది ఇందుకే. ఈ శాస్త్రమంతా అమ్మకి చెప్పడం నా భుజాలకి క్షేమం కాదు. అందుకని చెప్పలేదు. ఉడికించాల్సిన అవసరమే లేని తిండి తీసుకెళ్తున్నామని మాత్రం చెప్పాను.

ఆ తిండి ఎక్కడిదంటే అమ్మ చేసిందే. షాపులో ఎండబెట్టిన భోజనం పొట్లాలు దొరుకుతాయి. వేణ్ణీళ్లు పోస్తే కూర అవుతుందని పైన బొమ్మ ఉంటుంది. ఒక్కోటి పది డాలర్ల పైనే. అమ్మ ఒక మధ్యాహ్నం కూర్చుని బొంబాయి రవ్వ నేతిలో వేయించి, ఆవాలు, సెనగపప్పు, జీడిపప్పు, కరివేపాకు కరకరలాడేలా తాలింపు పెట్టి కలిపేసింది. నీళ్లు మరిగించి పోస్తే ఉప్మా. అటుకులు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. బరువు లెక్కేసుకునేవాళ్లు గ్రాముకి ఎన్ని క్యాలరీలని చూస్తారు. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు 9. ఈ లెక్కన అమెరికా వాళ్లు బ్యాక్‌ప్యాకింగ్ కోసం కనిపెట్టిన బార్లన్నీ సున్నుండ ముందు తలవంచుకోవాలి. పులిహోర మాత్రం నీటి బరువు, అన్నమంటే సగానికి పైగా నీళ్లే. అయినా మొదటి మధ్యాహ్నానికి చేయించాం. దారిలోనే తినేస్తే డబ్బాలో చోటక్కర్లేదు.

అమ్మ ఇచ్చిన వాటిల్లో నేను కళ్లకద్దుకున్నది తుండుగుడ్డ. త్వరగా ఆరే తువ్వాలని షాపులో ముప్పై డాలర్లకి ఏదో అమ్ముతున్నారు. తెనాలి తుండుగుడ్డ దానికంటే తేలిక, విదిలించి రాతి మీద పరిస్తే ఆరిపోతుంది. ఎండకి తలపాగా, గిన్నె దించడానికి మసిగుడ్డ, నీళ్లలో నలక ఉంటే వడపోత. అమెరికాలో దొరికే సామాన్లకి ఒక్కోదానికి ఒక్కో పనే వచ్చు.

మరుగుదొడ్డి విషయం కూడా చెప్పాలి, లేకపోతే వ్యాసం అసంపూర్ణం. ఏటికి కనీసం వంద అడుగుల దూరంలో, ఆరంగుళాల గొయ్యి తవ్వి కప్పెట్టాలి. టాయిలెట్ పేపరు మాత్రం పాతిపెట్టకూడదు, సంచిలో వేసుకుని వెనక్కి మోసుకురావాలి. ఇది చదివి మా ఇంట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మన పద్ధతిలో మోసుకొచ్చే పని లేదు. ఈమధ్య అల్ట్రాలైట్ వాళ్లకి కూడా ఈ జ్ఞానోదయమై, నీళ్ల సీసాకి తగిలించుకునే బుల్లి మూత ఒకటి అమ్ముతున్నారు, బరువు గ్రాముల్లో. "చెంబు కనిపెట్టారన్నమాట" అంది అమ్మ.

ఇంతా చేసి బయల్దేరితే మొదటి మైలు అందరూ సిపాయిలు. రెండో మైల్లో మావాడు ఆగి, "నాన్నా, నా సంచికి నిద్రొస్తోంది" అన్నాడు. దాన్ని నా ఛాతీకి తగిలించుకున్నాను. సంచి దిగిన మరుక్షణం వాడు తన కంటే పొడుగైన కర్ర ఒకటి ఏరుకుని పరుగందుకున్నాడు. ఆ కర్ర బరువు ఎంత శాతమో వాడు అడగలేదు. ఇంకాసేపటికి అమ్మాయి సీసా, ఆ తర్వాత అమ్మాయి కోటు. కుటుంబంలో బరువు తగ్గదు, నెమ్మదిగా తండ్రి వైపు ప్రవహిస్తుంది. అందుకే తండ్రి సంచి ఇంట్లోనే నిండిపోకూడదు. ఎంత మోయగలరో అందులో మూడు కిలోలు తగ్గించుకుని బయల్దేరాలి. ఆ మూడు కిలోలూ దారిలో వచ్చి చేరతాయి. పిల్లల సంచికి ఛాతీ పట్టీ ఉందో లేదో చూసుకోమనేది కూడా వాళ్ల కోసం కాదు, మీకు తగిలించుకోవడానికి వీలుగా ఉంటుందని.

తిరుగు ప్రయాణానికి వాడి జేబుల నిండా గులకరాళ్లు చేరాయి. నేషనల్ పార్కులో రాయి కూడా ఎత్తుకురాకూడదు, చట్టమే ఉంది. ఆ ప్రభుత్వం నా నడుముకి చేసిన ఉపకారం అదొక్కటే. రాళ్లన్నీ కక్కించాం.

ఏనుగు దగ్గర మాత్రం చట్టం అడ్డం తిరిగింది. ముందురోజు సాయంత్రం సున్నుండ తిని నేతి చేత్తో వాడు దాన్ని వాటేసుకున్నాడు. మొహాల మీంచి దోమల వలలు ఎత్తి ఏనుగుని తలా ఓసారి వాసన చూశాం. ఘుమఘుమలాడుతోంది. వాసనొచ్చేదేదైనా డబ్బాలోకి పోవాలి. డబ్బాలో ఆవకాయ సీసా పక్కన ఏనుగు పట్టదు, పట్టినా వాడు పట్టనివ్వడు. మా ఆవిడ గిన్నెలో నీళ్లు తెచ్చి, ఏటికి దూరంగా, సబ్బు లేకుండా వాసన వదిలేదాకా ఏనుగుకి స్నానం చేయించింది. 340 గ్రాముల ఏనుగు ఎన్ని నీళ్లు తాగిందో, కాటా ఇంట్లో ఉంది కాబట్టి సరిగ్గా చెప్పలేను. పొద్దునకి కూడా ఆరలేదు. నా సంచి వెనక తోక కట్టి వేలాడదీస్తే కారుదాకా నా నడుము మీద కారుతూనే వచ్చింది. ఎదురొచ్చినవాళ్లంతా దాన్ని పలకరించారు, నన్ను కాదు.

ఇప్పుడు మళ్లీ వేసవొస్తోంది. కాటా హాల్లోకొచ్చింది. బరువు పెరిగితే ఎక్కువ మోయాలన్న సూత్రం మావాడికి ఎలాగో అర్థమైపోయింది. చెప్పులు, జేబులోవి అన్నీ తీసేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత నన్ను నిలబెట్టారు. మా ఆవిడ అంకె చూసి కాగితం మీద ఏదో గీసింది.

"మీరు కిందటేడాది కంటే నాలుగు కిలోలు పెరిగారండీ. ఐదో వంతు లెక్కన ఇంకో 800 గ్రాములు మోయొచ్చు."

తెనాలి నుంచి ఫోన్లో వింటున్న అమ్మ, కుక్కరు రెండు లీటర్లది కూడా దొరుకుతుంది కనుక్కోమంది.