తూకం రాయికి ముద్ర ఉండేది

మా రోజుల్లో బాన్సువాడ అంగట్లో తూకం రాయిని తిరగేసి, సర్కారు ముద్ర చూసిగానీ ఉల్లిగడ్డలు కొనేవాళ్లం కాదు. ఇప్పుడు మనిషి ఊపిరితిత్తులను కొలిచిన కాగితం చేతిలో పెడుతున్నారు. ఎట్లా కొలిచారో అందులో ఒక్క ముక్క ఉండదు.

ముప్పై ఏళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేశాను. ఛాతీ ఎక్స్‌రేకు ట్యూబుకూ ఫిల్ముకూ మధ్య ఆరడుగుల దూరం టేపు పెట్టి చూసేవాణ్ణి. దగ్గరైతే గుండె నీడ పెద్దగా పడి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా ముందు దమ్ము. "అవ్వా, దమ్ము గట్టిగ గుంజు, ఇగ ఆపు" అని రెండుసార్లు చేయించి, మూడోసారికే మీట నొక్కేవాణ్ణి.

మొన్న మా అక్కను సీటీకి తీసుకుపోయాను. నలభై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసిన మనిషి. తంబాకు దుమ్ముకు తోడు ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ. శ్వాసనాళాలు సాగి వదులైపోయే జబ్బుకు మన దేశంలో టీబీ మిగిల్చిన మచ్చలే పెద్ద కారణం. బల్ల మీద పడుకోగానే మిషనే హిందీలో ఏదో చెప్పింది. అక్కకు అర్థమయ్యేలోపే బల్ల కదిలిపోయింది. సగం దమ్ములో తీస్తే నాళం ఉన్నదానికంటే సన్నగా కనిపిస్తుంది, ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

రిపోర్టులో 'నాళాల గోడలు మందం' అని రాశారు. ఛాతీ డాక్టరు డిస్కు చూసి, "ఇవి 5 మిల్లీమీటర్ల ముక్కలు పెద్దాయనా, ఒక మిల్లీమీటరువి కావాలి" అన్నారు. మళ్లీ బస్సు, మళ్లీ ఖర్చు.

లెక్క చూడండి. 35 సెంటీమీటర్ల ఛాతీని అడ్డంగా 512 గళ్లు చేస్తే ఒక్కో గడి దాదాపు 0.7 మిల్లీమీటర్లు. చిన్న నాళం గోడ ఒక మిల్లీమీటరు ఉంటే అది ఒకటి రెండు గళ్లకు మించదు. అంచు మసకబారుతుంది, ఆ మసక కూడా గోడలో కలిసి, సన్నని గోడ మందంగా కొలతకొస్తుంది. బెండకాయను ఏటవాలుగా కోసి చూడండి, ముక్క సాగుతుంది, తోలు లావవుతుంది. నాళాన్నీ దాని దారికి సరిగ్గా అడ్డంగా కోస్తేనే అసలు కొలత. ఇక 2 మిల్లీమీటర్లకన్నా సన్నని నాళాలు సీటీకి సరిగా అందవు. పొగ మొదట దెబ్బతీసేది వాటినే.

దీనికి మందు లేకపోలేదు. కొలత ముందే తెలిసిన ప్లాస్టిక్ గొట్టాలను స్కాన్ చేసి, మిషను ఎంత చెబుతోందో సరిచూసుకోవచ్చు. సీటీ లెక్కలో గాలి మైనస్ 1000, నీరు సున్నా. తెర మీద వెలుగును మైనస్ 450 దగ్గర నిలిపితే గోడ కొలత నిజానికి దగ్గరగా వస్తుందని అట్లాంటి పరీక్షలతోనే తేల్చారు. తూకం రాయికి వేసిన ముద్రంటే నాకు ఇదే.

యంత్రాన్ని తప్పుపట్టను. ఒకప్పుడు ఈ నాళాలు చూడాలంటే గొంతులోంచి అయోడిన్ మందు దించేవారు, రోగి దగ్గి దగ్గి సొమ్మసిల్లేవాడు. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ మిషను మొదటి రోగి తలను చూసింది, ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఛాతీ అంతా కొన్ని సెకన్లే. ఇంత మంచి మిషను చేతిలో ఉండి, మనిషితో రెండు మాటలు మాట్లాడే ఓపిక లేకపోవడమే నాకు కడుపుమంట.

రెండోసారి అక్కడి కుర్రాణ్ణి బతిమాలి మైకు దగ్గర నేనే నిలబడ్డాను. "అక్కా, దమ్ము గుంజు. ఇంకా గుంజు. ఆపు." ఆపింది. కుడివైపు పైభాగంలో నాళం, పక్కనున్న రక్తనాళంకన్నా లావుగా ఉంది. ఈసారి డాక్టరు ముక్క మందంతో సహా కొలత రాసిచ్చారు.