నడువర్ మామ

కైక చేసింది తప్పా కాదా అన్నది అయోధ్యలో తేలలేదు. మదురైలో మా తెలుగు వీధి కాఫీ అంగడి ముందు మాత్రం నెలకోసారి తేలుతుంది. తేల్చేది నడువర్ మామ. ఆయనకు సొంత పేరు లేక కాదు, రేషన్ కార్డులో ఉంది. పిలిచే దిక్కులేక అక్కడే ఉండిపోయింది.

తమిళనాట పట్టిమన్రం ఎరగనివాళ్లు ఉండరు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, నడుమ తీర్పు చెప్పే నడువర్. శిలప్పదికారంలో కన్నగి గొప్పదా, మాధవి గొప్పదా? కర్ణుడి స్నేహమా, కుంభకర్ణుడి రక్తబంధమా? విషయం ఏదైనా వాళ్లు గొంతు బొంగురుపోయేదాకా వాదించుకుంటారు, చివర్లో నడువర్ నాలుగు ఛలోక్తులు విసిరి తీర్పు చెప్తాడు. మా ఊరి అమెరికన్ కాలేజీలో తమిళం చెప్పిన సాలమన్ పాపయ్యగారు ఈ విద్యతోనే ఇంటింటి మనిషయ్యారు, 2021లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. పొంగలికీ దీపావళికీ టీవీలో ఆయన గొంతు వినపడకపోతే తలంటుకున్నట్టే ఉండదు మావాళ్లకు.

మామ ఏనాడూ వేదిక ఎక్కలేదు. కింద మొదటి వరసలో కూర్చుంటాడు. తీర్పు వినగానే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేదీ ఆయనే, వీధి మలుపు తిరక్కముందే ఆ తీర్పును కొట్టేసేదీ ఆయనే.

"సాక్షుల్ని సరిగ్గా విచారించలేదురా అబ్బాయ్. మంథరను ఒక్కమాటన్నా అడిగినారా? కూలిమనిషని వదిలేసినారు."

మంథరను ఎవరు అడుగుతారు మామా అంటే, ఊరి పూర్వోత్తరాలు మొదలవుతాయి. ఇది మదురై. ఇక్కడ సాక్షాత్తూ శివుడు రాసిచ్చిన పద్యాన్నే నక్కీరుడు తప్పు పట్టాడు, ఆయన మూడో కన్ను తెరిచినా మాట వెనక్కి తీసుకోలేదు. కాలి, మీనాక్షమ్మ గుడి బంగారు తామరల కోనేట్లో పడ్డాడు గానీ తీర్పు తీర్పే. ఆ నక్కీరుడి కథనే మన ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో చెప్పుకున్నాడు. కాబట్టి, మామ లెక్కలో, ఈ ఊళ్లో తప్పు పట్టడం తమిళులకెంత హక్కో తెలుగువాళ్లకూ అంతే హక్కు. కోనేట్లో పడే భాగం గురించి అడిగితే, "అది పాతకాలం. ఇప్పుడు చుట్టూ కమ్మీలు కట్టినారు" అంటాడు.

ఆయనకు అసలు మంట ఒకటుంది. 1529 ప్రాంతంలో మన తెలుగువాడు విశ్వనాథ నాయకుడు ఇక్కడ రాజ్యం మొదలుపెట్టాడు. తిరుమల నాయకుడు 1636లో పూర్తిచేసిన మహల్ ఇప్పటికీ ఊరి నడుమ నిలబడి ఉంది. ఆ మహల్లో సాయంత్రం పూట దీపాలు వేసి, మైకులో కథ చెప్తారు. ఏ కథ? శిలప్పదికారం. "నాయకరు కట్టిన ఇంట్లో కన్నగి కేసు దినదినమూ నడుస్తా ఉండాది. మన అహల్య కేసు ఎవరు పిలిచినారు?"

అహల్యకూ మదురైకీ ఏం సంబంధమని కొత్తవాళ్లు అడుగుతారు. అక్కడ దొరికిపోతారు. నాయకరాజు విజయరంగ చొక్కనాథుడి కాలంలో, అంటే 1706కూ 1732కూ మధ్య, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ఈ కొలువులోనే అహల్యా సంక్రందనం రాశాడు. మామ ఆ పుస్తకం చదివాడా అన్నది వేరే సంగతి. సారం మాత్రం ఎవరో పండితుడి దగ్గర విని పట్టేశాడు. మూడు వేళ్లు ముడిచి చెప్తాడు:

"వాల్మీకి అహల్యకు వచ్చింది ఇంద్రుడని తెలుసు, తెలిసే ఒప్పుకునింది. కంబడి అహల్యకు నడుమలో తెలిసింది, నిలపలేదు. మన మదురై అహల్యకు పెండ్లికి ముందునుంచే ఇంద్రుడి మీద మనసు. బ్రహ్మ పోయి గౌతముడికి కట్టబెట్టినాడు. ఇప్పుడు చెప్పండి, మొదటి ముద్దాయి ఎవరు?"

ఎవరూ పలకరు.

"బ్రహ్మ! ఆడపిల్ల మనసు కనుక్కోకుండా సంబంధం ఖాయం చేసిన తండ్రి! ఇంద్రుడు రెండో ముద్దాయి. అహల్య సాక్షి మాత్రమే."

విన్నప్పుడల్లా నాకు ఇది నిజంగానే మంచి విమర్శ అనిపిస్తుంది. మూడు కాలాల కవులు ఒకే ఆడమనిషికి ఎంతెంత తెలివిడి ఇచ్చారో ఇంత పొట్టిగా చెప్పినవాళ్లను నేను క్లాసురూముల్లో చూడలేదు. అయితే మామ విమర్శ పుస్తకం దగ్గర ఆగదు. ఆ తీర్పు చెప్పిన రోజు అంగట్లో ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి, కూతుర్ని బలవంతాన మేనమామకు ఇచ్చేందుకు అప్పుడే తాంబూలాలు పుచ్చుకుని వచ్చినవాడు, డవరా ఠపీమని పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. మామకు ఆయన దూరపు చుట్టం. పెళ్లి పిలుపు రావాలి కదా. మర్నాడు అదే బల్ల దగ్గర అప్పీలు విచారణ జరిగింది. "గౌతముడూ తక్కువవాడేం కాదు. సొంత ఆశ్రమం ఉండాది, తాగుడు లేదు" అని మామ సవరించుకున్నాడు. బ్రహ్మ నిర్దోషిగా విడుదలయ్యాడు. పిలుపు వచ్చింది, మామ ముందు పంక్తిలోనే భోంచేశాడు.

ఇక ఆయన నోటుపుస్తకం సంగతి. మావాళ్లలో చాలామందిలాగే మామకు ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం. తెలుగు అక్షరం రాదు. అవ్వ చెప్పిన భారతం, హరికథల్లో విన్న ముక్కలు అన్నీ తమిళ లిపిలో గీకి పెట్టుకున్నాడు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. రాసినవాడికి గుర్తుంటే సరి, మరచిపోతే దేవుడే దిక్కు. ఒక శ్రీరామనవమికి మామ ఆ పుస్తకం తెరిచి దుర్యోధన వధ మీద ఉపన్యాసం ఎత్తుకున్నాడు. భీముడు కథ ఎత్తాడట! చంపబోయే ముందు భీముడు ఆగి, జూదం నుంచి లక్క ఇంటిదాకా పాత తప్పులన్నీ వరసగా ఏకరువు పెట్టాడట. కాబట్టి భారతానికి మూలం యుద్ధం కాదు, జ్ఞాపకం. తొడలు విరిగింది తరవాత, మనిషి విరిగింది ముందు. అరగంట చెప్పాడు. ఇద్దరు ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు.

పక్కింటికి విజయవాడ నుంచి వచ్చిన కొత్తల్లుడు చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు: "మామయ్యగారూ, అది కథ కాదేమోనండి. గద."

మామ పుస్తకంలోకి చూశాడు. మా అందరి మొహాలూ చూశాడు. తరవాత వంటింటి వైపు చూశాడు.

"నేనూ అదే చెప్తా ఉండా. సంసారంలో రెండూ ఒకటేలేవయ్యా, పోను పోను నీకే తెలుస్తుంది."

కోయంబత్తూరు నడువర్లు ఇంకో తెగ. పీళమేడు వైపు మా పెదనాన్న వరస ఒకాయన ఉన్నాడు, నూలు మిల్లు లెక్కలు చూసి రిటైరయ్యాడు. మిల్లులూ పంపుసెట్లూ నడిపిన తెలుగువాళ్ల ఊరు కదా, అక్కడ ధర్మాధర్మాల కంటే జమాఖర్చులకు విలువ ఎక్కువ. ఆయన దృష్టిలో శిలప్పదికారం ఇతివృత్తం పాతివ్రత్యమూ కాదు, విధీ కాదు. బిల్లు లేకుండా నగ అమ్మబోవడం. కన్నగి మొగుడు కోవలన్‌ దగ్గర రసీదు ఉండి ఉంటే ఆమె కోపానికి మదురై కాలేది కాదు. పాండ్యరాణి అందెలో ముత్యాలున్నాయి, కన్నగి అందెలో మాణిక్యాలున్నాయి, ఆ సంగతి తలకాయ తీశాక పగలగొట్టి చూడటమేమిటి? ముందే స్టాకు సరిచూసుకోవద్దా?

మనుచరిత్రకూ ఆయన దగ్గర ఇదే మందు. ప్రవరుడి నిష్ఠ, వరూధిని విరహం గురించి మనవాళ్లు పరీక్ష పేపర్లు నింపుతూ వచ్చారు. పెదనాన్న వాటి జోలికే పోడు. "సిద్ధుడిచ్చిన పసరుకు వారంటీ ఎవరన్నా అడిగినారా? మంచులో కరిగే సరుకని ముందే చెప్పొద్దా? తిరుగు ప్రయాణానికి ఏర్పాటు లేకుండా హిమాలయాలకు పోయేవాడి గురించి కావ్యమా!" వీళ్లిద్దరూ పెళ్లిళ్లలో ఎదురుపడితే పెళ్లికొడుకును చూసేవాళ్లుండరు. మామ కర్ణుడి కృతజ్ఞత గురించి కంట తడి పెట్టేలోగా పెదనాన్న, "అంగరాజ్యం ఇచ్చినాడు సరే, పట్టా రాసిచ్చినాడా?" అంటాడు.

పాత్రల మీద పంచాయితీ మా ప్రాంతానికి కొత్త కాదు. ఈరోడు పెరియార్ రామాయణ పాత్రల్ని ఒక్కొక్కరినీ బోనెక్కించి పుస్తకమే వేశారు. మామ రామాయణాన్ని కొలిచే కంబన్ కళగం సభకూ పోతాడు, పెరియార్ ద్రావిడ కళగం మీటింగుకూ పోతాడు, రెండు చోట్లా చప్పట్లు కొడతాడు. రెండు వైపులా వినకుండా తీర్పు ఎలా చెప్తాం అంటాడు. రెండు చోట్లా కాఫీ ఇస్తారన్నది మా అత్త వాదన.

ఆయన తీర్పు చెప్పలేక తప్పుకున్న కేసు ఒక్కటే, అది కి. రాజనారాయణన్‌ది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన ఊరు. తెలుగు సీమ వదిలి పారిపోయి వచ్చి, ఈ కరిసల్ నల్లరేగడిలో ఊరు కట్టుకున్న కమ్మవాళ్ల కథను 1976లో గోపల్ల గ్రామం పేరుతో తమిళంలో రాశారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తురకరాజు కన్ను పడిన అందగత్తె చెన్నాదేవి కోసం ఊరూ వాడా వదిలి వచ్చిన కుటుంబాలవి. చిక్కేమిటంటే, ఆ నవల చదివిన ప్రతి తెలుగింట్లోనూ చెన్నాదేవి తమ ముత్తవ్వకు అక్కో చెల్లెలో అవుతుంది. ఆ ఊళ్లోని వెర్రిబాగులవాడు మాత్రం ఎప్పుడూ పక్కింటివాళ్ల తాతే. ఇంతమంది వారసుల మధ్య పాత్రను విశ్లేషించడం ఆస్తి పంపకం కన్నా ప్రమాదం. మామ నోరు మూసుకున్నాడు, నేను చూసినంతలో మొదటిసారి.

రెండోసారి మూయించింది అత్త. ఆవిడ పట్టిమన్రాలకు పోదు. టీవీలో వస్తే సౌండు తగ్గించి పప్పు ఏరుకుంటుంది. కానీ వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట మొత్తం వచ్చు. కంబడిలో లేదు, వాల్మీకిలో లేదు, మన ఆడవాళ్ల నోళ్లలో ఉంది. లక్ష్మణుడు అడవికి పోయిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ పడుకునే ఉంటుంది. ఆయన తిరిగొచ్చి నిద్ర లేపితే ఎవరో పరాయివాడనుకుని చెడామడా తిడుతుంది.

పోయిన వేసవిలో ఒకనాడు భరతుడు గొప్ప తమ్ముడా, లక్ష్మణుడు గొప్ప తమ్ముడా అని పట్టిమన్రం పెట్టారు. అది ముగిసి, వీధిలో అప్పీలు కూడా ముగిసి, మామ ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. తలుపు తట్టాడు.

"ఎవరు నాయనా అది?"

"నేనేనే, తలుపు తియ్యి."

"మా ఇంటాయన ఎనిమిదికే భోంచేసి పడుకునే మనిషి. అర్ధరాత్రి ఆడమనిషి ఉండే ఇంటి తలుపు కొట్టేదానికి నీకు తల్లీ చెల్లీ లేరా? మా నాయన ఎవరనుకుంటా ఉండావు?"

మామకు ఒక్క క్షణంలో విషయం అందింది. విశ్లేషకుడు కదా.

"ఏమే, ఇది కంబరామాయణంలో లేదే!"

"మా అవ్వ పాటలో ఉండాది. లక్ష్మణుడు పోయేటప్పుడు పెండ్లానికి ఒక్కమాట చెప్పినాడా? దానికి జవాబు చెప్పి లోపలికి రా."

మామ చెప్పులు విప్పి, అరుగెక్కి, గొంతు సవరించుకుని లక్ష్మణుడి తరఫున వాదన మొదలుపెట్టాడు. అన్నసేవ అన్న మొదటి పాయింటుకే ఎదురింటి మేడ మీద లైటు వెలిగింది, రెండో పాయింటుకు పక్కింట్లో వెలిగింది. మూడో పాయింటు దగ్గర మేడ మీంచి ఎవరో కేక వేశారు: "మామా, కొంచెం గట్టిగా చెప్పు, మా అమ్మకు వినపడలేదంట!"