‘గో’కి పట్టా

ఇంగ్లిష్ కాలాల శాఖ ముఖ్య అధికారి గారికి,

అయ్యా,

భద్రాచలం దాటి చర్ల పోయే రోడ్డు మీద ఒక ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పే పంతుల్ని. ఫ్రెంచి వాళ్లకైతే 1635 నుంచీ అకాడమీ ఉంది, అర్జీ పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌కి అలాంటి ఆఫీసే లేదట. మీరెక్కడుంటారో తెలియక పత్రికకు రాస్తున్నాను.

2022లో తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలూ వచ్చాయి. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగే వాళ్లకు రెండో మెట్టు, మీ ఇంగ్లిష్ మూడోది.

భూతకాలంతో మొదలుపెట్టా. క్రియ వెనక ఈడీ పెట్టండి, అంతే అన్నా. పేపరు చదివే పిల్లాడొకడు కిసుక్కున నవ్వాడు. నిజమే, ఈడీ వెనకపడితే ఎవరైనా గతం ఒప్పుకోవాల్సిందే. ఆ ఈడీ ‘వాక్’ దగ్గర ట్ అనీ, ‘కాల్’ దగ్గర డ్ అనీ, ‘వాంట్’ దగ్గర ఇడ్ అనీ పలికినా ఓర్చుకున్నాం. ఇబ్బందల్లా రోజూ నోట్లో నానే మాటలతోనే. తినడం, రావడం, పోవడం, చూడడం... ఒక్కటీ ఈడీకి లొంగదు. ‘గో’ అయితే ‘వెండ్’ అనే పక్కింటి క్రియ గతాన్నే ‘వెంట్’ అని ఎత్తుకొచ్చుకుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగిన సంగతి చెబుతూ ‘రైజ్’కి గతం ‘రోజ్’ అని బోర్డు మీద రాశా. “గోదావరి గులాబీ అయిందా సారూ?” అంది వెనక బెంచీ.

‘కట్’ సంగతి మరీ అన్యాయం. నిన్నా కట్టే, నేడూ కట్టే. ‘వియ్ కట్ పోడు’ అని ఒక పిల్ల రాసింది. ఎప్పుడు కొట్టారమ్మా? 2005 డిసెంబర్ 13కి ముందే సాగులో ఉన్నారా అని అటవీ హక్కుల చట్టం అడుగుతుంది. మీ క్రియ ఆ ముక్క చెప్పదు. ఈ సాక్ష్యం పట్టుకుని గ్రామసభకు పోతే పట్టా వచ్చినట్టే!

అందుకని పోడు భూముల్లాగే ఈ క్రియల్నీ క్రమబద్ధీకరించి ‘గోడ్’, ‘కమ్డ్’, ‘ఈటెడ్’ అని పట్టాలిప్పించమని అర్జీ రాశా. రాశాక ఒక భాషాచరిత్ర పుస్తకం తిరగేసి చల్లబడ్డా. లోపలి అచ్చు మార్చుకుని గతం చెప్పడమే (కమ్, కేమ్, సీ, సా) అసలు పాత పద్ధతట. ఈడీ తర్వాత వచ్చింది. వచ్చి, అడవంతా తన పేర రాయించుకుని, ముందునుంచీ ఉన్నవాళ్లను ‘ఇర్రెగ్యులర్’ అంది. ‘హెల్ప్’కీ ఒకప్పుడు ‘హోల్ప్’ అనే సొంత గతం ఉండేది, ఊడ్చుకుపోయింది. రిజర్వు ఫారెస్టు గీత గీశాక తాతల నాటి చేలో నిలబడ్డవాడు ఆక్రమణదారైన కథ మాకు కొత్త కాదు. పై అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక భవిష్యత్తు. దానికి మీ దగ్గర సొంత రూపమే లేదు, ‘విల్’, ‘షల్’ అని బదులు తెచ్చుకున్నారు. ‘విల్’ అంటే వెనకటికి కోరుకోవడమట, ‘షల్’ అంటే బాకీపడడమట. పోలవరం ముంపు ఊళ్లవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కోరుకునేది వాళ్లు, బాకీపడ్డది ఇంకొకరు. అట్లని మా తెలుగు గొప్పేం కాదు లెండి. రోజూ వచ్చినా ‘వస్తా’నే, రేపు వచ్చినా ‘వస్తా’నే. పోయేటప్పుడు కూడా ‘వస్తా’ అనే పోతాం. మొన్న సెలవులకు ఊరెళ్తూ ఒక పిల్లాడు గేటు దగ్గర ‘ఐ కమ్ సార్’ అని చెయ్యూపి బస్సెక్కాడు. తప్పెక్కడుందో నాకు దొరకలేదు.

ఒక్క సంగతి తేల్చండి. ఏడో తరగతి పిల్ల పరీక్షలో ‘ఐ గోడ్ హోమ్ ఫర్ పండుం’ అని రాసింది. పండుమంటే కోయలో పండుగ. సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు, అర మార్కు వేశా. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే మీ పేరే చెబుతాను.

ఇట్లు,
చర్ల రోడ్డు ఇంగ్లిష్ పంతులు