‘ఆర్’ శబ్ద విచారము

మూలము: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.

అవతారిక: 2013 మే 4వ తేదీన డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ రూపము ‘వీజీ’ యను పేర వెలువడిన పిమ్మట, ఆఱవదగు ‘స్క్వీజ్’తో సుఖముగా కాలక్షేపము చేయుచున్న మా సర్వర్‌ను, ఊరెల్ల మాఱగా మన మేల మాఱరాదను ఉబలాటముచే నేను అప్‌గ్రేడ్ చేసి, రీబూట్ ఆజ్ఞ యిచ్చి, కాఫీ కలుపుకొని వచ్చునంతలో, ఏండ్ల తరబడి ఎదురుమాట లేక లేచుచుండిన సర్వీసొకటి లేవనని భీష్మించి ఈ సూత్రమును తెరపై పలికెను. (డెబియన్ రూపములకు ‘టాయ్ స్టోరీ’ బొమ్మల పేళ్లు పెట్టుట ఆచారము, వీజీ ఆయాసపడు పెంగ్విన్. శకునము నపుడే గ్రహింపవలసినది.)

ప్రతిపదార్థము: నో = లేదు; సచ్ = అట్టి; ఫైల్ = ఫైలు; ఆర్ = లేక; డైరెక్టరీ = ఫైళ్లుండెడు అఱ.

టీక: నేను ‘ఫైల్’ శబ్దమును పట్టుకొని వ్రేలాడి ఒక పూట పోగొట్టుకొంటిని. సర్వీసు లేచినంతనే తన ప్రాసెస్ సంఖ్యను ‘పిడ్ ఫైలు’ అను చీటీలో వ్రాసిపెట్టును. ఆపవలసి వచ్చినపుడు స్టార్టప్ స్క్రిప్ట్ ఆ చీటీ చూచియే ఎవరి నాపవలెనో తెలిసికొనును. మఱి లేవకమునుపు చీటీ లేకుండుట దోష మెట్లగును? పుట్టని బిడ్డకు జాతకము లేదని మొఱపెట్టుట యేల? ఇది పూర్వపక్షము.

సిద్ధాంత మేమనగా, లేనిది చీటీ కాదు, చీటీ నుంచవలసిన యఱ. క్రొత్త ఫైలును సృష్టింపబోయినను, దానికి నెలవగు డైరెక్టరీ లేనిచో కెర్నెల్ పంపు దోషసంఖ్య 2. ఆ సంఖ్యకు వాచ్యరూపమే ఈ సూత్రము. కావున నేను ఊతపదముగా నెంచి దాటిపోయిన ‘ఆర్’ అను వికల్పార్థకముననే సర్వార్థమును దాగియున్నది.

విశేషము: స్క్వీజ్ కాలమున /వార్/రన్ సాధారణముగా డిస్కు మీద నుండెడిది. బూట్ సమయమున ఊడ్చువాడు ఫైళ్లను పాఱవైచి డైరెక్టరీలను మాత్రము విడిచిపెట్టెడివాడు గనుక, ఏనాడో ఎవరో చేతితో కట్టిన మా యఱ చెక్కుచెదరక నిలిచినది. వీజీలో ఆ స్థానమంతయు /రన్ అను పేర, మెమొరీలో నుండు టెంప్‌ఎఫ్‌ఎస్‌కు తరలిపోయి, /వార్/రన్ దానికి దారిచూపు లింకుగా మిగిలెను. రీబూట్ అయినచో అందేమియు మిగులదు. ఇది యెఱుగని నేను అఱను మరల చేతితో కట్టి, సర్వీసు లేవగా, పని ముగిసినదని పైయధికారికి విన్నవించుకొంటిని. మఱునాటి రీబూట్ అనంతరము ఆయన నాకు ఫోను చేసిన గడియ బ్రాహ్మీముహూర్తము. సంభాషణకు మాత్రము ప్రతిపదార్థము వ్రాయను.

పరిహారము: స్క్రిప్ట్‌లో సర్వీసును లేపు పంక్తికి ముందు ‘ఎంకేడిర్ -పి’ యను ఒక్క పంక్తి చేర్చితిని. ‘పి’ గలుగుటచే, నడుమ డైరెక్టరీలు లేనిచో వానిని గూడ కల్పించును, ఉన్నచో ఊరకుండును. ఈ ఊరకుండుట అన్ని కమాండ్లకు అలవడిన గుణము కాదు.

రీబూట్ చేయగా అఱ వెలసినది, కాని నేను చేతితో కట్టి సర్వీసు యూజర్‌కు అప్పగించిన దానివలె గాక, రూట్ సొత్తుగా వెలసినది. రూట్ అధికారమును వదలి సామాన్య యూజర్‌గా మెలగు మా సర్వీసు అందు చీటీ వ్రాయజాలక, ‘పర్మిషన్ డినైడ్’ అని రెండవ సూత్రమును పలికెను. దాని నర్థము చేసికొని, సొత్తు చేతులు మార్చు ‘చోన్’ పంక్తి నొకదానిని జతచేయుటకు నాకు రెండు నిమిషములైనను పట్టలేదు. ఆ సూత్రమున ‘ఆర్’ లేదు.