సీల్డ్ కవర్లో లంక కొనడం ఎలా?

తాకట్టు ఆస్తుల అమ్మకం ప్రకటన పేపర్లో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాలు, మధ్యలో ఒక పెద్ద అంకె. ప్రకటన రెండు ప్రముఖ పత్రికల్లో రావాలని, వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలని నిబంధన. అక్షరం ఎంత ఉండాలో ఆ నిబంధన చెప్పదు. మీరు అంకె చదవండి, చాలు.

అప్పు తీర్చలేనివాడి ఆస్తిని, అప్పు రాబట్టుకోలేని బ్యాంకు అమ్మకానికి పెట్టింది. కొనడానికి మీరు అప్పు చెయ్యబోతున్నారు. ఇంతకన్నా శుభారంభం ఏం కావాలి?

ఉదాహరణకు ఒక ప్రకటన ఇలా ఉందనుకుందాం. కోనసీమలో గోదావరి పాయ మధ్య ఒక లంక. అందులో 3 ఎకరాల 40 సెంట్ల భూమి, 12 కాటేజీలు, ఒక డైనింగ్ హాలు, జనరేటర్ షెడ్డు. రిజర్వు ధర 2 కోట్లు. ఈ రోజుల్లో ప్రభుత్వ బ్యాంకులు చాలావరకు బ్యాంక్‌నెట్ పోర్టల్లో ఈ-వేలం వేస్తున్నా, బకాయిల కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకులే అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద నిబంధనల్లో టెండర్లకూ చోటుంది. మీ అదృష్టం కొద్దీ ఇది సీల్డ్ టెండరు. ఇక ఈ కింది మెట్లు వరసగా ఎక్కండి.

మెట్టు 1: ప్రకటన పై సగమే చదవండి

కింది సగంలో మనశ్శాంతిని చెడగొట్టే విషయాలుంటాయి. "యాజ్ ఈజ్ వేర్ ఈజ్, యాజ్ ఈజ్ వాట్ ఈజ్, వాటెవర్ దేర్ ఈజ్, వితౌట్ రికోర్స్" అని ఒక దండకం ఉంటుంది. ఉన్నచోట ఉన్నది ఉన్నట్టు ఇస్తాం, ఏముంటే అది మీది, తర్వాత మా గడప తొక్కవద్దు అని సారాంశం. బ్యాంకు తన జీవితంలో ఇంత నిజాయితీగా మాట్లాడే సందర్భం మరొకటి ఉండదు. మీరు మాత్రం దాన్ని లాంఛనం కింద కొట్టిపారెయ్యండి. పాత యజమాని కట్టని కరెంటు బిల్లును ఇలాంటి షరతు మీద వేలంలో కొన్నవాడి నుంచి కూడా రాబట్టవచ్చని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఏమైంది? 12 కాటేజీల్లోనూ ఏసీలు తిరిగాయంటే వ్యాపారం బాగా సాగినట్టే కదా.

స్వాధీనం అన్నచోట "సింబాలిక్" అని ఉంటే ఇంకా మంచిది. అంటే గేటుకు నోటీసు అంటించి, ఫోటో తీసుకుని, బ్యాంకువారు పడవెక్కి వెళ్ళిపోయారన్నమాట. గేటు లోపల పాత యజమాని, ఆయన బావమరిది, రెండు కుక్కలు యథాతథం. వాళ్ళను కదిలించాలంటే బ్యాంకు సర్ఫేసీ చట్టం 14వ సెక్షను కింద కలెక్టరు దగ్గరికి అర్జీ పట్టుకు వెళ్ళాలి. కొన్న రోజునే కాపలా మనుషులు కూడా దొరికారని సంతోషించండి.

గడువు కూడా గమనించకండి. మొదటిసారి అమ్మకానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అది పొసగక మళ్ళీ వేస్తే 15 రోజులు చాలు. మీ ప్రకటనలో 15 రోజులే ఉంటే ఇంతకుముందు ఈ లంకను అందరూ చూసి వదిలేశారని ఎవరైనా అనుమానపు మనిషి అనొచ్చు. పోటీ తగ్గిందని మీరనండి.

మెట్టు 2: సంక్రాంతికి వెళ్ళి చూడండి

లంక చూడాల్సింది జనవరిలోనే. ఏరు ఒదిగి ఉంటుంది, ఇసుక మెరుస్తుంది, కొబ్బరాకుల మధ్య ఎండ మెత్తగా దిగుతుంది. రేవులో పడవ దిగి పది అడుగులు వెయ్యగానే "ఇక్కడ ఓ ఉయ్యాల వేద్దాం" అని మీ ఆవిడ అంటుంది. ఆ మాట దగ్గరే తనిఖీ పూర్తయినట్టు లెక్క.

జూలై, ఆగస్టుల్లో మాత్రం వెళ్ళవద్దు. లంక అంటే ఏటిగట్టుకు లోపలివైపు, నది తన కోసం ఉంచుకున్న చోటు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది, 2022 జూలైలో 71.3 అడుగులకు. ఆ నీళ్ళన్నీ దిగువన మీ డైనింగ్ హాలు మీదుగానే సముద్రానికి పోవాలి. కాటేజీ గోడ మీద మనిషి ఎత్తున బురదచార కనిపిస్తే అది పెయింటర్ డిజైనని సరిపెట్టుకోండి.

పడవవాడితో మాటలు పెట్టుకోకండి. మీరు అడగకపోయినా అతను తెడ్డుతో నీళ్ళ మధ్యకు చూపించి, "ఆయ్, అదుగో అక్కడిదాకా మన తోటేనండి బాబుగారూ. మా నాన్న రోజుల్లో అక్కడే దింపు తీసేవోరు" అంటాడు. నది ఒక ఒడ్డున కోసుకుని ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. మేట వేసిన చోట వేరేవాళ్ళు కూరపాదులు పెట్టుకుంటారు, కోసిన చోట మీరు పన్ను కడతారు. అందుకే సర్వేయరును వెంట తీసుకెళ్ళవద్దు. గొలుసు పట్టి కొలిస్తే భూమి తగ్గుతుంది. కొలవనంతకాలం కాగితం మీద 3 ఎకరాల 40 సెంట్లు చెక్కుచెదరవు.

మెట్టు 3: దస్తావేజుల జోలికి పోకండి

ఈ ఆస్తి మీద లోను ఇచ్చేటప్పుడు ఒక లాయరు లీగల్ ఒపీనియన్ రాశారు, ఒక వాల్యూయరు విలువ కట్టారు, ఒక మేనేజరు సంతకం పెట్టారు. వాళ్ళ ముగ్గురి కన్నా మీకు ఎక్కువ తెలుసా? వాళ్ళ జాగ్రత్త ఫలితమే కదా ఇవాళ్టి ప్రకటన.

లంకలో అంగుళం అంగుళానికీ ఒక్కో రకం భూమి ఉండొచ్చు. పట్టా భూమి, ప్రభుత్వం కౌలుకిచ్చిన లంక, పేదలకిచ్చిన అసైన్డ్ భూమి ఒకే కంచె లోపల కలిసి కాపురం చేస్తుంటాయి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించే చట్టం మనకు 1977లోనే వచ్చింది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షను కింది నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ఉయ్యాల ఎక్కడ కట్టాలో ఆలోచించండి.

అసలైన తమాషా సర్ఫేసీ చట్టం 31వ సెక్షనులో ఉంది. వ్యవసాయ భూమి మీది తాకట్టుకు ఆ చట్టమే వర్తించదు. అంటే కాటేజీల చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లు ఫోటోలో ఎంత అందంగా పడితే, కోర్టులో అంత చక్కగా సాక్ష్యం చెప్పగలవు. గోవాలో సముద్రతీరపు రిసార్టు ఒకదాన్ని ఐఎఫ్‌సీఐ 2015లో వేలం వేస్తే ఐటీసీ 515 కోట్లకు పైగా పెట్టి కొంది. అందులో కొంత వ్యవసాయ భూమి ఉందంటూ పాత యజమాని బ్లూ కోస్ట్ హోటల్స్ కోర్టుకెక్కింది. బాంబే హైకోర్టు అమ్మకాన్ని కొట్టేసింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఐటీసీ పక్షాన తీర్పిచ్చింది. చూశారా, చివరికి కొన్నవాడే గెలిచాడు. 515 కోట్లు కట్టి మూడేళ్ళు ఆగగలిగే సిగరెట్ల వ్యాపారం మీకు కూడా ఉంటే దిగులు పడాల్సిన పనే లేదు.

మెట్టు 4: కట్టడం ఉందంటే అనుమతి ఉన్నట్టే

సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు సముద్రపు ఒడ్డుతో ఆగవు. ఆటుపోట్లు తగిలే నది పాయల్లోకీ వస్తాయి. ఎంతదూరం వస్తాయో తేల్చేది ఉప్పు. బాగా ఎండలు ముదిరిన రోజుల్లో నీటిలో వెయ్యికి 5 పాళ్ళ ఉప్పు ఎంతవరకు ఉంటే అంతవరకు. కాబట్టి లంకకు వెళ్ళినప్పుడు చెయ్యి ముంచి నాలుకకు తగిలించుకోకండి. తెలియని ఉప్పు కేసు కాదు.

కేరళ వేంబనాడ్ సరస్సులో నెడియతురుత్తు అనే దీవి మీద కాపికో రిసార్టు 54 విల్లాలతో కట్టారు. తీర నిబంధనలు ఉల్లంఘించారంటూ 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చివేతకు సరేనంది. 2022 సెప్టెంబరులో పలుగులు దిగాయి. అలాంటివి పక్క రాష్ట్రాల్లో జరుగుతాయి. మన లంకలో ఇన్నేళ్ళుగా కాటేజీలు నిలబడి ఉన్నాయంటే ఎవరో చూసీచూడనట్టు పోయారనే కదా. వాళ్ళు ఇంకా బదిలీ కాలేదని నమ్మండి.

మెట్టు 5: ధర మనసుకు తోచినట్టు రాయండి

ఇదే అన్నిటికన్నా సుఖమైన మెట్టు. బహిరంగ పాటలో ఎదుటివాడి మొహం కనిపిస్తుంది. వాడు తగ్గితే మీకూ అనుమానం వస్తుంది. సీల్డ్ కవర్లో ఆ బాధ లేదు. మీ ఊహకు మీరే రాజు.

ఒక చిక్కు ఉందని గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు లీజులకు సీల్డ్ టెండర్లు వేసిన ఒక కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు 1971లో రాశారు. ఒకే వస్తువు విలువను పదిమంది విడివిడిగా అంచనా వేస్తే, అసలు విలువ ఎక్కడో మధ్యలో ఉంటుంది, కవరు గెలిచేది మాత్రం అందరికన్నా ఎక్కువగా పొరబడ్డవాడు. దీన్నే గెలిచినవాడి శాపం అంటున్నారు. మీకు శాపాల మీద నమ్మకం లేదు కాబట్టి రిజర్వు ధరకు 50 లక్షలు కలిపి, చివర 1,116 రాయండి. శుభం. పక్కవాడూ రెండున్నర కోట్లే రాసి ఉంటే ఆ 1,116తో వాణ్ణి మట్టి కరిపించొచ్చు.

కవర్లు మీ ఎదుటే తెరుస్తారు. తెరిచాక, వచ్చినవాళ్ళు అక్కడికక్కడ పాట పెంచుకోవచ్చన్న షరతు చాలా ప్రకటనల్లో ఉంటుంది. రెండోస్థానంలో ఉన్నవాడు ఐదు లక్షలు పెంచితే మీ బావమరిది మీ మోచేతిని పొడుస్తాడు. పరువు ముఖ్యం. పెంచండి.

మెట్టు 6: డబ్బు దానంతటదే వస్తుంది

టెండరుతోపాటు రిజర్వు ధరలో 10 శాతం, అంటే 20 లక్షలు ధరావతు (ఈఎండీ) కట్టి ఉంటారు. పాట మీకు ఖాయమైతే మీరు రాసిన ధరలో నాలుగోవంతుకు ఎంత తగ్గితే అంత ఆరోజే, లేదంటే మర్నాటి పనిదినం లోపల కట్టాలి. మిగతా మూడువంతులు అమ్మకం ఖరారైన 15వ రోజుకల్లా. ఆస్తి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సింది కూడా మీరే. అంత డబ్బు లేకపోతే అదే బ్యాంకును లోను అడగండి. "లంక భూముల మీద ఇప్పుడు ఇవ్వడం లేదండీ, రిస్కు ఎక్కువ" అని మేనేజరుగారు కాఫీ తెప్పించి మరీ చెబుతారు. ఆయన మాట నమ్మాల్సిందే. ఆ రిస్కు ఎంతో ఆయనకు ఇప్పటికే తెలుసు.

గడువు దాటితే కట్టిన నాలుగోవంతు జప్తు. బ్యాంకుకు నష్టం రాకపోయినా మొత్తం జప్తు చెయ్యడం సబబేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు ఆ లంకను మళ్ళీ అమ్ముకుంటుంది. అంటే మీరు లంక కొనకుండానే లంకకు చందా ఇచ్చిన దాత అవుతారు.

మెట్టు 7: ఇక విశ్రాంతి తీసుకోండి

అన్నీ కట్టి సేల్ సర్టిఫికెట్ చేతికి వచ్చాక పాత యజమాని తీరిగ్గా నిద్ర లేస్తాడు. బకాయి కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు అమ్మకం ప్రకటన వెలువడడంతోనే ముగుస్తుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బ్యాంకు పద్ధతి తప్పిందని 45 రోజుల్లోపు రుణ వసూళ్ళ ట్రిబ్యునల్, అంటే డీఆర్‌టీకి వెళ్ళే హక్కు ఆయనకు ఉంది. కోనసీమ వారికి డీఆర్‌టీ విశాఖపట్నంలో. దాని మీద అప్పీలు కోల్‌కతాలో. ఆ తర్వాత హైకోర్టు, ఢిల్లీ. లంక చిన్నదే అయినా మీకు దేశం చూపిస్తుంది.

ఈ మెట్లు ఎక్కడానికి మనసొప్పని పిరికివాళ్ళు కొందరుంటారు. వాళ్ళు 30 ఏళ్ళ ఈసీ తీయిస్తారు, అడంగల్ చూస్తారు, తాసిల్దారు ఆఫీసులో గంటలు గంటలు కూర్చుంటారు, వానల్లో వెళ్ళి నీటిచారలు కొలుస్తారు, కరెంటాఫీసుకు వెళ్ళి బకాయి ఎంతో అడుగుతారు, సర్వేయరుకు డబ్బులిచ్చి మరీ తమ భూమిని తగ్గించుకుంటారు. ఇన్ని చేశాక సగంమంది టెండరే వెయ్యరు. వేసినవాళ్ళు తేలిన లోపాలన్నిటికీ కోత వేసి, రిజర్వు ధర మీద ఒక చిన్న అంకె కలిపి, ఓడిపోతారు. వాళ్ళ ఈఎండీ వాళ్ళకు వడ్డీ లేకుండా వెనక్కి వస్తుంది. దాన్ని నష్టమనుకునేవారి కోసమే ఈ వ్యాసం రాశాను.