ఓనర్ కమ్, డ్రైవర్ జ్యాదా

సొంత ట్యాక్సీ నడుపుకునేవాడికి బ్యాంకు కాగితాల్లో, సర్కారు పథకాల దరఖాస్తుల్లో ఒక బిరుదుంది: ఓనర్ కమ్ డ్రైవర్. రెండు వేషాలూ ఒక్కడే వేస్తున్నాడని దాని భావం. హైదరాబాదులో మాత్రం ఈ బిరుదును ఉర్దూ చెవితో వినాలి. కమ్ అంటే తక్కువ. లెక్క కట్టి చూస్తే ఆ అర్థమే నిజానికి దగ్గరగా ఉంటుందని నా వాదన. ఒకే చొక్కా తొడుక్కుని ఒకే సీట్లో కూర్చున్నా, ఈ ఓనరుకూ ఈ డ్రైవరుకూ మధ్య తెగని బాకీ ఒకటి నడుస్తోంది. ఓనరుగారు డ్రైవరుకు జీతం సరిగ్గా ఇవ్వడం లేదు. డ్రైవరేమో అడగడం లేదు. అడగాలంటే అద్దంలోకి చూసి అడగాలి, ఆ అద్దమేమో వెనకసీటు వైపు తిప్పి ఉంటుంది.

జమాఖర్చు రాసి చూద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు. ఎవరివి వాళ్లు పెట్టుకోవచ్చు. కారు ఎనిమిది లక్షలు. డౌన్ పేమెంట్ లక్షన్నర, మిగతా ఆరున్నర లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్ల ఫైనాన్స్. కిస్తీ నెలకు 14,130 రూపాయలు. నెలకు 26 రోజులు, రోజుకు 12 గంటలు, 200 కిలోమీటర్లు తిరిగాడనుకుందాం. అందులో 60 కిలోమీటర్లు ఎంప్టీ: బుకింగ్ కోసం వెతుక్కుంటూ, ఎక్కించుకోవడానికి వెళ్తూ, శంషాబాద్‌లో దింపి ఉత్తచేతులతో వెనక్కి వస్తూ. కూలి గిట్టేది 140కే. కిలోమీటరుకు సగటున 20 రూపాయలు ప్రయాణికుడు ఇస్తే నెలకు 72,800. యాప్ కంపెనీలకు కేంద్రం 2020లో, మళ్లీ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సొంత కారు డ్రైవరుకు కనీసం 80 శాతం దక్కాలి. అచ్చంగా దక్కిందనే అనుకుందాం, ఊహకు కిస్తీ కట్టక్కర్లేదు కదా: 58,240. ఇంధనం కిలోమీటరుకు నాలుగున్నర చొప్పున 23,400 పోయాయి. కిస్తీ పోయింది. టైర్లు, ఆయిలు, క్లచ్చు, సర్వీసింగు కిలోమీటరుకు రూపాయి పావలా, అంటే 6,500. ఇన్సూరెన్స్ ఏడాదికి 40 వేలు, నెలకు 3,300. పర్మిట్, ఫిట్‌నెస్, పార్కింగ్, ఫోన్ రీఛార్జ్, కడుగుడు, చౌరస్తాలో కెమెరా తీసే ఫొటోలు కలిపి 3,000. చేతిలో మిగిలింది 7,910 రూపాయలు. గంటకు పాతిక! ఇందులోంచి ఇంకా టీ తాగలేదు.

ఎల్లో ప్లేట్ మహిమ గురించి పక్కన ఒక మాట. 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. అదే కారు నంబరు ప్లేటుకు పసుపు రంగు పూస్తే 7,940, దాని పైన ఎక్కించుకునే ఒక్కో ప్రయాణికుడికి 978. నలుగురికి మొత్తం 11,852. ఎక్కువ తిరిగే బండికి ప్రమాదం ఎక్కువ కనుక ఇందులో అన్యాయమేమీ లేదు. పసుపు శుభసూచకం అని నమ్మే జాతికి కాస్త కొత్తగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఎవరింటి కారో నడిపే జీతపు డ్రైవరును ఊహించండి. ఇన్ని గంటలకు 18 వేలిస్తారనుకుందాం. ఇది విలాసమేమీ కాదు. మన ఓనరు తన డ్రైవరుకు ఇవ్వగలిగింది 7,910. బాకీ నెలకు 10,090. అయిదేళ్లకు 6,05,400. ఈ అంకెను ఆ ఆరున్నర లక్షల అప్పు పక్కన పెట్టి చూడండి. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అసలును దాదాపు పూర్తిగా డ్రైవరు తనకు ఎగ్గొట్టిన జీతంలోంచి కట్టాడు. అయినా ఆర్సీలో ఓనరు పేరే ఉంది, అప్పు తీరేదాకా దాని కింద కంపెనీ పేరు ఉంది. డ్రైవరు పేరు రాయడానికి గడి లేదు.

కిస్తీ మొత్తాన్ని ఖర్చు కింద రాస్తే ఎలా, అయిదేళ్ల తర్వాత కారు చేతిలో ఉంటుంది కదా అని షోరూమువాళ్లు అంటారు, మామలు అంటారు, పిల్లనిచ్చేవాళ్లూ అంటారు. ఉంటుంది. నెలకు 5,200 కిలోమీటర్ల చొప్పున అయిదేళ్లకు 3,12,000 కిలోమీటర్లు తిరిగిన కారు ఉంటుంది. దానికి లక్షన్నర వస్తే కొన్నవాడు మంచివాడు. ఆ లక్షన్నర మొదట్లో ఇచ్చిన డౌన్ పేమెంటుకు చెల్లుకు చెల్లు, వడ్డీ మాట ఎత్తకపోతే. అంటే కారు కొనుక్కున్నాననుకున్నవాడు నిజానికి దాన్ని కిలోమీటరు కిలోమీటరుగా కోసి, ఎక్కినవాళ్లందరికీ కూరగాయల్లా అమ్ముకున్నాడు. రోజూ ఇంటికి తెచ్చే డబ్బులో కష్టార్జితం ఎంత, కారు కండ ఎంత అని విడదీసి చెప్పే యాప్ ఇంకా రాలేదు.

ఇంకొందరిది పౌరుషపు అభ్యంతరం: 12 గంటలేమిటి, 16 గంటలు తిప్పమనండి. ఈ మాటలో కొంత నిజముంది. కిస్తీ, ఇన్సూరెన్స్ ఎన్ని గంటలు తిప్పినా మారవు కనుక, అదనంగా తిప్పే ప్రతి కిలోమీటరుకు అయిదు రూపాయల నలభై అయిదు పైసలు మిగులుతాయి. రోజుకు నాలుగు గంటలు పెంచితే నెల మిగులు 17,300 చిల్లర. అంటే 16 గంటలు నడిపినా, 12 గంటల జీతపు డ్రైవరును అందుకోవడానికి ఇంకా ఏడువందల దాకా తక్కువ. పైగా 2020 మార్గదర్శకాలు రోజుకు 12 గంటలు మించి లాగిన్ వద్దన్నాయి. రెండు ఫోన్లు, రెండు యాప్‌లు పెట్టుకుంటే ఒకదాంట్లో నిద్రపోతూ ఇంకోదాంట్లో మేలుకోవచ్చు. కుంభకర్ణుడికి ఈ సౌకర్యం లేక ఆర్నెల్లు వృథా అయ్యాయి.

సేద్యం లెక్కలు తెలిసినవాళ్లకు ఈ బాకీ కొత్తగా అనిపించదు. పంటల మద్దతు ధర సిఫారసు చేసే సంఘం సాగు ఖర్చు రాసేటప్పుడు చేతి ఖర్చును ఎ2 అంటుంది, ఇంటిల్లిపాది పడ్డ చాకిరీకి విలువ కట్టి ఎఫ్ఎల్ అని కలుపుతుంది, సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కూడా చేరిస్తే సి2 అంటుంది. స్వామినాథన్ కమిషన్ అడిగిన యాభై శాతం లాభం ఏ ఖర్చు మీద కట్టాలని రైతులు ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నారు. ఆ కొట్లాట తెగలేదు గానీ, కనీసం గడికి ఒక పేరుంది. పొలం గట్టు దిగి స్టీరింగు పట్టుకున్న రైతుబిడ్డకు ఆ గడి కూడా పోయింది. సాయంత్రం డీజిలు పోను జేబులో ఉన్నదే లాభం. చాకిరీకి ఖరీదు కట్టని అలవాటు ఒక్కటే ఊళ్లోంచి అతనితోపాటు బస్సెక్కి వచ్చింది.

తొలిరోజుల్లో లక్ష సంపాదించినవాళ్లు లేరా? ఉన్నారు. ఉబర్ 2013లో మన దేశానికి వచ్చింది, అప్పటికే ఓలా ఉంది. రెండిటి పోటీలో ఇన్సెంటివ్‌లు వానలా కురిశాయి. 2014లో ఓలాలో డబ్బు పెట్టిన జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ 2018లో ఉబర్‌లోనూ పెద్ద వాటాదారైంది. కోడిపందెంలో రెండు పుంజులూ తనవే అయినవాడికి ఇక పందెం దేనికి? నిజానికి వాన అంతకుముందే తగ్గింది, 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ డ్రైవర్లు దాదాపు రెండు వారాలు బండ్లు ఆపారు. ఆ లక్ష ట్యాక్సీ సంపాదన కాదు, కంపెనీల ప్రచార ఖర్చు. అది చూసి కిస్తీకి సంతకం పెట్టినవాడు పెళ్లిభోజనం చూసి ఆ ఇంట్లో రోజూ ఇలాగే వండుతారనుకున్నవాడు. అమెరికాలోనూ ఇదే వంట. న్యూయార్కు డ్రైవర్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 90 వేల డాలర్లపైనే అని ఉబర్ చెప్పుకుంటే, 61 వేలేనని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017 జనవరిలో ఆ కంపెనీ 2 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ 61 వేలలోనూ కారు ఖర్చు ఇంకా తీయలేదు.

ఇప్పటి ఫ్యాషన్ జీరో కమీషన్. రోజుకు ఇంత కట్టు, వచ్చింది నీదే. ఇది బలమైన అభ్యంతరం, తోసిపారేయను. రోజుకు 70 రూపాయలు కట్టాడనుకుంటే మన డ్రైవరు మిగులు 20,650కి పెరుగుతుంది. జీతం 18 వేలు పోను ఓనరుకు మొదటిసారి 2,650 రూపాయల నిజమైన లాభం కనిపిస్తుంది. కానీ యాప్ వైపు నుంచి ఆలోచించండి. కమీషన్ తీసుకున్నన్నాళ్లు డ్రైవరు సంపాదిస్తేనే దానికి సంపాదన. రోజు రుసుము తీసుకున్నాక దానికి కావాల్సింది ట్రిప్పులు కాదు, తలకాయలు. తలకాయలు పెరిగితే ఎంప్టీ పెరుగుతుంది. రోజుకు 60 ఉన్న ఎంప్టీ 80 అయితే నెలకు 10,400 పోయి, మిగులు మళ్లీ పదివేల చిల్లరకు దిగుతుంది. 2025 సెప్టెంబరులో చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడూ సంతోషించే ముందు ఇది గుర్తుంచుకోవాల్సింది: కారు నీకొక్కడికే చవక కాలేదు.

చివరి అభ్యంతరం డబ్బుది కాదు, మర్యాదది. ఒకరి కింద పనిచేయక్కర్లేదు, నీకు నువ్వే బాసు. రేటు యాప్ చెబుతుంది, దారి యాప్ చెబుతుంది, ప్రవర్తనకు ప్రయాణికుడు చుక్కలు వేస్తాడు, చుక్కలు తగ్గితే ఐడీ బ్లాకవుతుంది. ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, కనీస వేతనం హక్కున్న పనివాళ్లని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తేల్చింది. మన దగ్గర బిరుదు పార్ట్‌నర్, నేతిబీరకాయలో నెయ్యిలా. సర్కారు మాత్రం ఓనరునే గుర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాహనమిత్ర కింద ఏడాదికి 10 వేలు, 2025 అక్టోబరు నుంచి ఆటో డ్రైవర్ల సేవలో పథకం కింద 15 వేలు, క్యాబ్‌వాళ్లకూ కలిపి. కాదనడానికి ఎవరికీ మనసు రాదు. నెలకు 1,250 పడుతుంది. డ్రైవరు బాకీలో ఎనిమిదో వంతు.

మిగతా ఏడు వంతుల సంగతి అడగడానికి అరవై ఒకటో నెలలో డ్రైవరు బయల్దేరాడనుకోండి. కిస్తీలు అయిపోయాయి, ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ వచ్చింది, ఇంజను పని ఉందని మెకానిక్ అన్నాడు. ఓనరుగారు ఇంట్లో లేరు. ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉందని ఫోనొస్తే షోరూముకు వెళ్లారు. అక్కడ దండేసిన కొత్త కారు ముందు నిలబడి, మనిషంత అట్టముక్క తాళంచెవి పట్టుకుని ఫొటో దిగుతున్నారు.